సడ్‌బరీ దివాణంలో ఒక పూట

రండి, ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. బయట చలి. మా అబ్బాయి ఇంట్లో వెచ్చదనమంటే గోడకి బిగించిన ఇనప రేడియేటరే. అందులో మంట కనపడదు, చిటపటలు వినపడవు. అయినా అలవాటు కొద్దీ దాని పక్కనే కుర్చీ వేసుకుని అరచేతులు చాపుకుంటున్నాను. కబుర్లకి మంట పక్క చోటు కావాలి కదా. నెలగంట పెట్టిన రోజు నుంచీ మా ఊళ్ళో తెల్లారగట్ల చలిమంటల చుట్టూ చేరి ఎన్ని కథలు విన్నానో! ఇవాళ నేను చెప్పబోయేదీ మంట కథే. మంట ముందర కూర్చున్నవాళ్ళది కొంత, మంట వెనక నక్కినవాళ్ళది ఎక్కువ.

పోయిన శనివారం మా అబ్బాయి నన్నూ, మనవరాలినీ కారెక్కించుకుని బయల్దేరాడు. పిల్లకి ఏడేళ్ళు. ఇంగ్లండులో డెర్బీ నుంచి పడమటి వైపు అరగంట దారి. సడ్‌బరీ అని చిన్న పల్లె. ఎర్ర ఇటుక ఇళ్ళు, ఒక పాత సత్రం, ఒక చర్చి, వాటి పక్కన చెట్ల మధ్య సడ్‌బరీ హాల్. ఇలాంటి ఇళ్ళని ఇక్కడ కంట్రీ హౌస్ అంటారు. పేరు విని పల్లెటూరి పెంకుటిల్లు అనుకోకండి. మా వైపు దివాణం అంటామే, అది. చుట్టూ భూములు, వెనక చెరువు, ఒక వంశం వందల ఏళ్ళు కదలకుండా కూర్చున్న చోటు.

కట్టించినాయన పేరు జార్జ్ వెర్నన్. 1660 ప్రాంతంలో మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు కట్టించాడు. ఇల్లు ఒక కొలిక్కి వచ్చేసరికి మన గోల్కొండలో తానీషా ఏలుతున్నాడు, బందరు అద్దకం బట్టలు ఓడలెక్కి లండన్ చేరుతున్నాయి. ఇలా మనవాళ్ళ పక్కన పెట్టి చూసుకుంటే గానీ నాకు కాలం పట్టుబడదు. ఎర్ర ఇటుకల మధ్య ముదురు రంగు ఇటుకలు పేర్చి గోడంతా మెలికల ముగ్గు వేసినట్టు గళ్ళు తీర్చారు. కప్పు మీద చిన్న గోపురం, దాని కొసన బంగారు పూత పూసిన గుండు. వంశంలో ఒక ప్రభువు పోయాక వారసత్వపు పన్ను కట్టాల్సి వచ్చి, దాని కింద ఇంటినే ప్రభుత్వానికి అప్పగించారు. 1967లో అది పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతికి వచ్చింది.

నన్ను రప్పించింది మాత్రం ఇల్లు కాదు. ముప్ఫై ఆరేళ్ళు ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పినదాన్ని, ఆ దివాణం పక్క భాగంలో బాల్యం గురించి ఒక మ్యూజియం ఉందని కోడలు చెప్పగానే ప్రాణం ఆగలేదు. 1974 నుంచీ ఉందట. యుద్ధాలకీ కిరీటాలకీ మ్యూజియాలు ఉంటాయని తెలుసు గానీ చిన్నతనానికి కూడా ఒకటి ఉంటుందని నేను ఎరగను. 2022లో ఇంకో అడుగు ముందుకేసి దివాణం మొత్తాన్నీ పిల్లల ఇల్లుగా మార్చారు. పేరు కూడా అదే పెట్టారు, పిల్లల కంట్రీ హౌస్ అని. ఏ గదిలో ఏముంటే బాగుంటుందో పన్నెండేళ్ళ లోపు పిల్లల్ని కూర్చోబెట్టి అడిగారట. అడగడం! ఆ ఒక్క మాటకే నేను చేతులు జోడించాను.

ముందు పెద్దవాళ్ళ గదులు చూద్దాం. లోపలికి అడుగు పెట్టగానే మెట్లు. తెల్లరంగు వేసిన కటకటాల నిండా చెక్కిన ఆకులూ తీగలూ, స్తంభం స్తంభం మీదా పళ్ళ బుట్టలు. ఎడ్వర్డ్ పియర్స్ అనే పనివాడు 1676లో చెక్కాడు. పైకప్పున సున్నపు గచ్చుతో పోసిన పూల దండలు, వాటి మధ్య తరవాతెప్పుడో లగేర్ అనే చిత్రకారుడు వేసిన దేవతల బొమ్మలు. గోడలకి పసుపు రంగు. అది 1960ల చివర జాన్ ఫౌలర్ అనే అలంకరణ నిపుణుడు ఎంచిన రంగట. పాతకాలపు ఇంటికి ఇదేం రంగని అప్పట్లో చాలామంది గొడవ పడ్డారట గానీ, నాకు మాత్రం పండగనాడు పసుపు రాసిన గడపలా ఉంది. మనవరాలు ఒక్కో మెట్టు దగ్గరా ఆగి తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వేలితో గాల్లో గీసుకుంటూ ఎక్కింది. ఆ మెట్లెక్కడానికి మాకు పావుగంట పట్టింది. నేను తొందర పెట్టలేదు.

మా కోడలికి ఈ ఇంటి మీద వేరే మోజు. 1995లో బీబీసీవాళ్ళు ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ సీరియల్ తీసినప్పుడు ఆ కథలోని డార్సీ గారి పెంబర్లీ భవనం లోపలి గదులుగా చూపించినవి ఇక్కడివేనట. పైన లాంగ్ గ్యాలరీ అని ఇంటి పొడుగునా ఒకటే గది ఉంది, 138 అడుగులు. వాన కురిసినప్పుడు దొరసానులు బయటికి వెళ్ళకుండా అటూ ఇటూ నడవడానికి ఇలాంటివి కట్టుకునేవారు. ఆ పొడుగు చూసిన ఏ పిల్లకైనా పరుగెత్తాలనే అనిపిస్తుంది. మాది పరుగెత్తింది.

ఇక డ్రాయింగ్ రూముకి రండి. నా కథకి ముడి అక్కడే ఉంది.

ఆ గదిలో పొయ్యి ఉంది. చలిదేశం కాబట్టి ప్రతి గదికీ గోడలో ఒక పొయ్యి, దాని మీద గోడ లోపలినుంచి కప్పు దాకా పోయే పొగగొట్టం. ఈ గదిలో పొయ్యి పైన గోడకి ఒక చెక్కడం బిగించి ఉంది. చచ్చి వేలాడుతున్న పిట్టలు, చేపలు, పళ్ళు, పూలు. చెక్క అంటే నమ్మబుద్ధి కాదు. పిట్ట ఈకకి ఈక విడివిడిగా ఉంది, పూరేకు అంచు కాగితమంత పల్చగా తేలింది. చెక్కినవాడు గ్రిన్లింగ్ గిబ్బన్స్. ఇంగ్లండులో చెక్క పనికి అతణ్ణి మించినవాడు పుట్టలేదంటారు. 1678లో ఈ ఒక్క పనికి 40 పౌండ్లు తీసుకున్నాడు. లైమ్ అనే చెట్టు కర్రతో చేశాడు. నిమ్మ కాదండోయ్, పేరొకటే, చెట్టు వేరు. మెత్తని కర్ర, ఉలికి వెన్నలా లొంగుతుంది. మాది ఏటికొప్పాక పక్క ఊరు. లక్కబొమ్మలు చేసేవాళ్ళ అంకుడు కర్ర కూడా అంతే. తరిణె మీద తిరుగుతుంటే పొట్టు పువ్వులా రాలేది, బడి విడవగానే అక్కడికి పరుగెత్తేవాళ్ళం. అందుకని ఆ చెక్కడం ముందు చాలాసేపు నిలబడిపోయాను.

మనవరాలు మాత్రం చెక్కడం చూడలేదు. వంగి పొయ్యిలోకి తల పెట్టి పైకి చూసింది. "నానమ్మా, ఈ కన్నం ఎక్కడిదాకా వెళ్తుంది?" అంది. అక్కడ నిలబడ్డ వలంటీరు, పెద్దాయన, చిరునవ్వుతో "కింద నౌకర్ల భాగంలోకి వెళ్ళినప్పుడు తెలుస్తుందిలే" అన్నాడు.

వెళ్ళేముందు ఇంకో గది. రాణిగారి గది అంటారు. నాలుగో విలియం రాజు పోయాక ఆయన భార్య అడిలైడ్ 1840 నుంచి మూడేళ్ళు ఈ ఇంటిని అద్దెకి తీసుకుని ఉంది. గోడలోకి జరిపి కట్టిన చోట మంచం. ఆవిడ సంగతి వినండి. 1819లో ఒక ఆడపిల్ల పుట్టింది, కొన్ని గంటలే బతికింది. 1820 డిసెంబరులో ఇంకో ఆడపిల్ల, ఎలిజబెత్ అని పేరు పెట్టుకున్నారు. మార్చి నెల దాటలేదు. ఆ తరవాత కడుపులు నిలవలేదు. ఆ ఎలిజబెత్ బతికి బట్టకట్టి ఉంటే విక్టోరియా రాణి అయ్యేదే కాదు. ఇప్పుడు ఆ గది పక్కనుంచే పిల్లలు కేరింతలు కొడుతూ పోతుంటారు. నేను ఆ మంచం వైపు చూస్తూ, పోనీలే తల్లీ, నీ ఇంటినిండా ఇప్పుడు పిల్లలే అనుకున్నాను. పైకి అనలేదు.

మ్యూజియం ఉన్నది నౌకర్ల భాగంలో. 1870ల్లో మొదలుపెట్టి జార్జ్ డెవీ అనే ఆర్కిటెక్టు కట్టిన తూర్పు వైపు కట్టడం అది. వంటిళ్ళు, గిన్నెలు తోమే గదులు, పనివాళ్ళు తిరిగే నడవలు. బాల్యాన్ని అక్కడ పెట్టడం నాకు ఎంతో సబబుగా తోచింది. అప్పట్లో ఇలాంటి ఇళ్ళల్లో అంట్లు తోమే ఆడపిల్లలు పన్నెండు, పదమూడేళ్ళవాళ్ళే. వాళ్ళ బాల్యం గడిచింది ఇలాంటి గోడల మధ్యే.

అక్కడ ఒక పొగగొట్టం కట్టి పెట్టారు. పిల్లలు కావాలంటే దూరి ఎక్కొచ్చు. మన పిల్ల ఒక్క ఊపున దూరింది. నేను బయట నిలబడి చూస్తున్నాను. ముందు కాళ్ళు మాయమయ్యాయి, తరవాత బూట్ల చప్పుడు, తరవాత అదీ లేదు. లోపలినుంచి గొంతు: "నానమ్మా, ఇందులో నువ్వు పట్టవు." పట్టను. పెద్దవాళ్ళెవరూ పట్టరు. అందుకే పిల్లల్ని పంపేవాళ్ళు.

అసలు గొట్టాలు తొమ్మిదంగుళాలు, పద్నాలుగంగుళాలు. మీ రెండు జానలూ పెట్టి చూసుకోండి, ఆ సందులోనుంచి మనిషి పోవాలి. అదీ తిన్నగా ఉండదు, మలుపులు తిరుగుతుంది. మోకాళ్ళూ మోచేతులూ గోడకి తన్నిపెట్టి, నెత్తిమీద బ్రష్షు పట్టుకుని, మసి కళ్ళల్లో పడుతుండగా పాకాలి. కొత్తగా చేరిన పిల్లవాడికి చర్మం గీరుకుపోయి రక్తం కారుతుంది కదా. అందుకని యజమాని వాణ్ణి మంట పక్కన నిలబెట్టి మోచేతులకీ మోకాళ్ళకీ ఉప్పునీళ్ళు పట్టించి రుద్దేవాడు, తోలు గట్టిపడాలని. ఈ పిల్లలు పెద్దయ్యాక వాళ్ళకి ఒక రకం క్యాన్సర్ వస్తోందని, అది మసి వల్లేనని పెర్సివల్ పాట్ అనే డాక్టరు 1775లోనే రాశాడు. ఒక పని వల్ల ఒక క్యాన్సర్ వస్తుందని లోకంలో ఎవరైనా చెప్పడం అదే మొదలు. తెలియక చేశారని అనడానికి ఇక వీల్లేదు.

చట్టాలు చేశారు. 1788లో ఎనిమిదేళ్ళు నిండనివాణ్ణి పనిలో పెట్టుకోవద్దన్నారు. 1834లో వయసు పెంచారు. 1840లో ఇరవై ఒకటి దాటనివాళ్ళు గొట్టం ఎక్కకూడదన్నారు. 1864లో మళ్ళీ ఇంకోటి. ఎవరూ ఖాతరు చెయ్యలేదు. మనుషులు ఎక్కనక్కర్లేకుండా పొడుగు కర్రల బ్రష్షులు అప్పటికే వచ్చాయి. అయినా పెద్ద ఇళ్ళవాళ్ళు ఒప్పుకోలేదు. మా గొట్టాలు మెలికలు తిరిగి ఉంటాయి, వాటికి బ్రష్షు ఆనదు, పిల్లవాడైతేనే శుభ్రమవుతుంది అన్నారు. పార్లమెంటు ఎగువ సభలో ప్రభువులు ఒకటికి మూడుసార్లు బిల్లులు తిప్పికొట్టారు. పియర్స్ మెట్లూ, గిబ్బన్స్ పిట్టలూ ఉన్న ఇళ్ళవాళ్ళే వాళ్ళు. 1875లో కేంబ్రిడ్జి దగ్గర ఫుల్‌బోర్న్‌లో ఒక ఆస్పత్రి గొట్టంలో జార్జ్ బ్రూస్టర్ అనే కుర్రాడు ఇరుక్కుపోయాడు. పన్నెండేళ్ళు కూడా నిండలేదంటారు. గోడ పగలగొట్టి తీశారు, దక్కలేదు. లార్డ్ షాఫ్ట్‌స్‌బరీ అనే సంస్కర్త దాన్ని పట్టుకుని పోరాడితే ఆ ఏడే గట్టి చట్టం వచ్చింది. పోలీసుల దగ్గర లైసెన్సు లేకుండా ఎవరూ ఈ పని చెయ్యకూడదన్నారు. అప్పటికి ఆగింది. మొదటి చట్టం నుంచి లెక్కేస్తే 87 ఏళ్ళు. ఎంతోమంది పిల్లలు పోయారు. మనకి ఎక్కువగా గుర్తున్న పేరు ఇదే. ఆ పేరూ అతను చచ్చిపోయాడు కాబట్టి మిగిలింది.

మనవరాలు పైనుంచి దిగి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. "మళ్ళీ ఎక్కనా?" అంది. ఎక్కమన్నాను. అది ఆటగా ఎక్కగలగడం ఎంత పెద్ద సంగతో దానికి ఇప్పుడే తెలియక్కర్లేదు. నాకు మాత్రం డ్రాయింగ్ రూములో చూసిన చెక్కడం మళ్ళీ కళ్ళ ముందుకి వచ్చింది. గోడకి ఇవతల వైపు ఆ పిట్టల ఈకలు. గోడకి అవతల వైపు, అదే ఎత్తులో, గొట్టం లోపల ఏ ఎనిమిదేళ్ళవాడి మోకాళ్ళు రాసుకుపోయాయో. రెండింటి మధ్యా ఉన్నది ఇటుకల మందమే.

గనుల సంగతీ, నూలు మిల్లుల సంగతీ కూడా చెప్పుకోవాల్సినవే. ఈ డెర్బీషైర్‌లోనే క్రోంఫర్డ్‌లో 1771లో ఆర్క్‌రైట్ అనే ఆయన నీటితో నడిచే నూలు మిల్లు పెట్టాడు, ఏడేళ్ళ పిల్లలు అందులో పని చేశారు. పదేళ్ళ లోపు మగపిల్లలూ, ఏ వయసు ఆడవాళ్ళూ బొగ్గుగని లోపలికి దిగకూడదని 1842లో గానీ చట్టం రాలేదు. అది ఇంకో రోజు మాట్లాడుకుందాం.

ఇప్పుడు బొమ్మల గది. అద్దాల బీరువాల్లో వరసగా బొమ్మలు. మైనపు మొహాలవి, పింగాణీ మొహాలవి, గులాబి రంగు బుగ్గలవి. బొమ్మలకి ఇళ్ళు, ఆ ఇళ్ళల్లో వేలెడంత గిన్నెలు. ఊగే గుర్రాలు, రైళ్ళు. ఎంత చక్కగా ఉన్నాయో! చూస్తూ చూస్తూ ఉంటే మనసులో ఏదో ముల్లులా గుచ్చుకుంది. ఏమిటా అని ఆలోచిస్తుంటే మన పిల్లే అడిగింది: "వీటితో ఎవరూ ఆడుకోలేదా?"

అదీ నన్ను గుచ్చింది. ఆడుకున్న బొమ్మ నూటయాభై ఏళ్ళు ఉంటుందా? మైనపు బొమ్మని మంట దగ్గరికి తీసుకెళ్తే మొహం కరుగుతుంది. అందుకని దాన్ని పిల్ల చేతికి ఇచ్చింది తక్కువ, బీరువాలో పెట్టింది ఎక్కువ. నోవా ఓడ అని ఒకటి ఉంటుంది, చెక్క ఓడ, అందులో జతలు జతలుగా జంతువులు. భక్తి గల ఇళ్ళల్లో ఆదివారం నాడు వేరే ఆటలు ఆడనిచ్చేవారు కాదు. ఇది బైబిలు కథ కాబట్టి దీనికి మాత్రం అనుమతి. వారానికి ఒక్క రోజు బయటికి వచ్చే బొమ్మ కాబట్టి ఏనుగు దంతాలు విరగలేదు. ఒక మూల బొచ్చంతా రాలి, మూతి చిరిగి కుట్లు పడ్డ ఎలుగుబంటి ఒకటి ఉంది. ఆ బీరువాల్లో దానికి ఒక్కదానికే స్నేహితులు ఉండేవారని తెలుస్తోంది. మా ఇద్దరికీ అదే నచ్చింది.

నా చిన్నప్పటివి తలుచుకున్నాను. తాటికాయలు రెండు కర్రకి గుచ్చితే బండి. చింతపిక్కలు ఒక పక్క అరగదీస్తే గవ్వలకి బదులు. చెరువు మట్టితో ఎడ్లు, ఎండకి బీటలిచ్చి సాయంత్రానికి కొమ్ములు రాలేవి. లక్కపిడతలు మా ఇంట్లో రెండు జతలు ఉండేవి. ఒకటి సంక్రాంతికి బొమ్మల కొలువులో పెట్టేది. దాన్ని ముట్టుకోనిచ్చేది కాదు మా అమ్మ. రెండోది మా అక్కాచెల్లెళ్ళం ఇసుక అన్నం, ఆకుల కూర వండుకున్నది. కొలువులోది ఇవాళ్టికీ మా అటక మీద ట్రంకు పెట్టెలో మెరుస్తూ ఉంది. నేను వండుకున్న దాంట్లో ఒక్క మూత కూడా లేదు. రేపు ఎవరైనా మా ఊళ్ళో ఇలాంటి మ్యూజియం పెడితే అందులోకి వెళ్ళేది కొలువు జతే. అందుకే, ఇలాంటి చోటికి మీరెప్పుడైనా వెళ్తే బీరువాల్లో ఏముందో చూడండి, ఏం లేదో కూడా కాస్సేపు చూడండి. పిల్లలు చేతులారా అరగదీసినదంతా ఆ లేనిదాంట్లోనే ఉంటుంది.

చివరికి బడి గది. నా గది అన్నట్టే వెళ్ళాను. వందేళ్ళ పైచిలుకు నాటి ఇంగ్లీషు బడిని ఉన్నది ఉన్నట్టు అమర్చారు. పొడుగు బల్లలు, పలకలు, టీచరు ఎత్తైన మేజా, గోడవార బెత్తం. మనవరాలు బల్ల మీద కూర్చుని చేతులు కట్టుకుంది. నన్ను మేజా వెనక నిలబడమంది. బెత్తం చూడగానే నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

మీకు చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, మాది బెల్లం దేశం కదండీ, చెరుకు గానుగలు ఆడే రోజులు. నాలుగో తరగతిలో ఒక కుర్రాడు రోజూ ఆలస్యంగా వచ్చేవాడు. నాలుగు రోజులు ఊరుకున్నాను. అయిదో రోజు చెయ్యి చాపమన్నాను. చాపాడు. కొట్టాను. కొట్టాక చూశాను ఆ అరచెయ్యి. మసి, ఎర్రగా కాలిన మచ్చలు, పాతవి కొన్ని, నిన్నటివి కొన్ని. తెల్లారగట్ల నాలుగింటి నుంచీ వాడు బెల్లం పొయ్యిలోకి చెరుకు పిప్పి ఎగదోసే పనిలో ఉండి, అటునుంచి అటే బడికి వస్తున్నాడు. ఒంటినిండా పొగ వాసన. ఆ వాసన రోజూ నా ముక్కుకి తగులుతూనే ఉంది. నేను అడగలేదు. ఎందుకు ఆలస్యమైందిరా అని ఒక్క మాట అడగలేదు. ఆ తరవాత మళ్ళీ బెత్తం పట్టుకోలేదు. ఆ ఒక్క రోజు పట్టుకున్నది మాత్రం పోదు.

ఆలస్యంగా వచ్చినవాడికే ఎక్కువ దెబ్బలనేది మన వీధిబడుల్లో పాత ఆచారం. మా తాతగారు చెప్పేవారు: పొద్దున్నే మొదట వచ్చినవాడి అరచేతిలో శ్రీ, రెండోవాడికి చుక్క, మూడోవాడి నుంచీ ఒకటి, రెండు, మూడు అని దెబ్బలు పెరుగుతూ పోతాయి. అదంతా కథ అనుకునేదాన్ని. రిటైరయ్యాక చదివాను, బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ 1823లో తన జిల్లా బళ్ళ గురించి పంపిన నివేదికలో ఇదంతా పూసగుచ్చినట్టు రాశాడు. మొదటివాడికి సరస్వతి పేరు, రెండోవాడికి సున్న, తరవాత దెబ్బలు. రెండు చేతులూ కట్టి కప్పుకి వేలాడదీసే కోదండం, లేచి కూర్చునే గుంజీళ్ళు కూడా రాశాడు. ఆ జిల్లాలో అప్పటికి 533 బళ్ళుంటే వాటిల్లో 226 తెలుగువి.

అదే నివేదికలో ఇంకో మాట ఉంది. దానికోసమే ఇదంతా చెప్పుకొచ్చాను. పిల్లలు నేల మీద ఇసుక పోసుకుని వేలితో అక్షరాలు దిద్దుతారని, పెద్ద పిల్లలు చిన్నపిల్లలకి చెబుతారని, ఇది ఎంతో మెచ్చదగ్గ పద్ధతని, ఇంగ్లండువాళ్ళు దీన్ని అనుకరించడం న్యాయమేనని ఆయన అన్నాడు. ఇంగ్లండువాళ్ళు అనుకరించడం ఏమిటి? వినండి. ఆండ్రూ బెల్ అని స్కాట్లండు ఫాదరీ ఒకాయన మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల బడికి 1789లో పెద్దగా ఉన్నాడు. ఒకనాడు గుర్రం మీద పోతూ మలబారు పిల్లల బడి చూశాడు. అప్పటి దొరలు తమిళుల్ని మలబారులు అనేవారు. పిల్లలు ఇసుకలో వేలితో రాస్తున్నారు. కాగితం లేదు, పలక లేదు, ఖర్చు లేదు. మా బడిలోనూ ఇలా చెప్పండని తన మాస్టార్లని అడిగితే వాళ్ళు కుదరదన్నారు. అప్పుడాయన జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ పిల్లవాణ్ణి పిలిచి చిన్నపిల్లలకి ఇసుకలో అక్షరాలు నేర్పమన్నాడు. ఆ కుర్రాడు నేర్పాడు. మాస్టార్లు కుదరదన్నది వాడు చేసి చూపించాడు. బెల్ సీమకి తిరిగి వెళ్ళి 1797లో పుస్తకం రాశాడు. దానికి మద్రాసు పద్ధతి అనే పేరొచ్చింది. 1811 నుంచి చర్చి బళ్ళు వేలాదిగా ఆ దారిలో నడిచాయి. బీద పిల్లల బళ్ళల్లో బల్లల మీద చెక్క అంచులు కట్టి ఇసుక పోసి, ఇంగ్లీషు పిల్లల చేత ఏబీసీడీలు రాయించారు.

అదంతా ఈ గదిలో కనపడదు. ఇసుక కదా. రాయడం, చదునుచెయ్యడం, మళ్ళీ రాయడం. అందులో ఒక్క అక్షరమూ ఎక్కడా నిలవదు. కానీ ఆ బల్లల ముందు నిలబడితే నాకు ఊపిరి తేలికైంది. బెత్తం ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. ఇసుక కూడా ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. ఫుల్‌బోర్న్ కుర్రాడిది ఒక పేరు, ఎగ్మూరు కుర్రాడిది ఒక పేరు. నా బెల్లం పొయ్యి కుర్రాడి పేరు నా రిజిస్టరులో ఎర్ర ఇంకు సున్నాల పక్కన ఉంటుంది, నాకు కంఠతా వచ్చు.

కారులో వస్తూ ఇదంతా మనవరాలికి నా మాటల్లో చెప్పాను. పొయ్యి సంగతి కొంచెమే చెప్పాను, ఇసుక సంగతి బాగా చెప్పాను. ఇల్లు చేరి బూట్లు విప్పుతూనే "నానమ్మా, ఇసుక కావాలి" అంది. ఈ చలిలో ఇసుక ఎక్కడ తేను? వంటింట్లోకి వెళ్ళి పెద్ద స్టీలు పళ్ళెంలో బొంబాయి రవ్వ పోసి పరిచాను. పిల్ల నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వేలు పట్టుకుని అ దిద్దించాను. రెండోసారి తనే రాసింది, ఒంపు దగ్గర కాస్త వంకర పోయింది. పళ్ళెం పట్టుకుని అటూ ఇటూ ఊపింది, పోయింది. మళ్ళీ రాసింది. మళ్ళీ ఊపింది. తరవాత నన్ను పక్కన కూర్చోబెట్టి, నా వేలు పట్టుకుని తన పేరు ఇంగ్లీషులో దిద్దించడం మొదలుపెట్టింది.

"అత్తయ్యా, రేపు పొద్దున్న ఉప్మాకి ఇంట్లో ఉన్నది ఆ రవ్వే" అంది మా కోడలు గుమ్మంలోంచి. జల్లించి ఇస్తానులే అమ్మా, ఇంకో రెండు అక్షరాలున్నాయి అన్నాను.